గెలిచిన రోజు మానేస్తాను

శనివారం సాయంత్రం అయిందంటే రోజారమణికి తలనొప్పి మొదలు.

విశాఖపట్నం వన్ టౌన్‌లో కొండవాలు మీద ఉన్న వాళ్ల ఇంటి వసారాలోంచి చూస్తే పోర్టులోకి వచ్చే ఓడలు కనిపిస్తాయి. ఆమె భర్త గుణశేఖర్ ఆ వసారాలోనే పెద్ద టీవీ పెట్టించాడు. ఇంగ్లండులో ఏదో రేవు పట్నం, ఆ ఊరికో ఫుట్‌బాల్ జట్టు, ఆ జట్టంటే ఆయనకి ప్రాణం. షిప్పింగ్ ఏజెన్సీలో మేనేజరు కాబట్టి ఓడల కెప్టెన్లతో పరిచయాలున్నాయి. వాళ్లలో ఒకాయన అంటించిపోయిన పిచ్చి ఇది. ఆ కెప్టెనే ఇంకొకటి కూడా అంటించాడు. సిగార్.

ఆట కంటే ముందు ఆ తతంగం ఉంటుంది. నున్నటి చెక్కపెట్టె తెరిచి ఒక సిగార్ తీస్తాడు. ముక్కు కింద అటూ ఇటూ జరిపి వాసన చూస్తాడు. చిన్న కత్తెరతో కొన తుంచి, పొడవాటి అగ్గిపుల్లతో తిప్పుతూ తిప్పుతూ వెలిగిస్తాడు. ఫిషింగ్ హార్బర్‌లో రెండు బోట్లున్న పక్కింటి గవర్రాజు ఎదురు కుర్చీలో కూర్చుని వింతగా చూస్తాడు.

“ఇది గుండెల్లోకి పీల్చేది కాదు బావా. నోట్లో ఉంచుకుని రుచి చూడాలి. తేనె, కాఫీ, తోలు... అన్నీ తెలుస్తాయి.”

“తోలు రుచేటి బావా!” అని గవర్రాజు నవ్వేవాడు.

దారిన పోయేవాళ్లకి అదంతా ఒక పెద్దమనిషి సరదాలా కనిపించేది. పాఠకులారా, మన లోకం తీరే అంత. చేతిలో బీడీ ఉంటే వ్యసనం అంటాం, సిగార్ ఉంటే అభిరుచి అంటాం.

అదే ఇంటి పెరటి అరుగు మీద గుణశేఖర్ తల్లి కాసులమ్మ చుట్ట కాల్చేది. మామూలు చుట్ట కాదు, అడ్డచుట్ట. నిప్పున్న కొన నోట్లో పెట్టుకుని కాల్చడం. చిన్నప్పుడు చేపల గంప నెత్తికెత్తుకున్నప్పుడు, సముద్రపు గాలికి చుట్ట ఆరిపోకుండా ఉండాలని వాళ్లమ్మ నేర్పిన అలవాటు.

“అమ్మా, ఆ కంపేటే! వచ్చినోళ్లు ఏటనుకుంటారు?” అని కొడుకు వసారాలోంచి కసిరేవాడు, వేళ్ల మధ్య సిగార్ కాలుతుండగానే. ఆవిడ గోడవైపు తిరిగి కూర్చునేది.

సిగార్ మానమని రోజారమణి భర్తని బతిమాలింది, అలిగింది, మాటలు మానేసి చూసింది. చివరికి ఒకరోజు ఆయన వరమిస్తున్నట్టు అన్నాడు.

“మా జట్టు కప్పు గెలిచిన రోజు మానేస్తాను. దేవుడి మీద ఒట్టు.”

పిచ్చిది, సంబరపడింది. ఆ జట్టు సంగతి అప్పటికి ఆమెకి తెలీదు.

గెలవాల్సిన ఆటని సమానం చేసుకోవడం, సమానం కావాల్సినదాన్ని ఓడిపోవడం ఆ జట్టుకి అలవాటు. బడిలో సాంఘికశాస్త్రం చెప్పే రోజారమణి, విరామంలో ఫోన్ పట్టుకుని ఎక్కడో ఉన్న ఆటగాళ్ల మోకాలి నొప్పుల గురించి చదవడం మొదలుపెట్టింది. కనకమహాలక్ష్మికి మొక్కుకుంది కూడా. అమ్మవారు మాత్రం ఏం చేస్తుంది, గోలు కాయాల్సిన ఆ గోలీ కాళ్ల సందులోంచి బంతిని వదిలేస్తుంటే! గెలిస్తే ఆనందానికొక సిగార్, ఓడితే దుఃఖానికొకటి, సమానమైతే చిరాకుకొకటి. ఏమన్నా అంటే “ఒట్టు పెట్టానుగా!” అని ఎదురు దబాయింపు.

ఈ ఏడు మాత్రం ఆఖరి ఆట గెలిస్తే కప్పు వాళ్లదే, సమానమైతే మాత్రం చేజారినట్టే అన్నంతదాకా వచ్చారు. సరిగ్గా ఆ రోజుల్లోనే కాసులమ్మ కంచం ముందు కూర్చుని ముద్ద పక్కన పెట్టేసింది.

“పులుసు తగిల్తే సాలు, నోరు మండిపోతందే అమ్మీ.”

రోజారమణి ఫోన్ వెలుగులో ఆమె నోట్లోకి చూసి ఉలిక్కిపడింది. అంగిలి తెల్లగా బిరుసెక్కి, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. మర్నాడే మొగుడూ పెళ్లాలిద్దరూ ఆవిడని డాక్టర్ నరసింహమూర్తి దగ్గరికి తీసుకెళ్లారు. ఈ తీరంలో అడ్డచుట్ట కాల్చే ఆడవాళ్ల నోళ్లు చూసీ చూసీ తల నెరిసిన మనిషాయన. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాడు. ఫలితం వచ్చాక మళ్లీ పిలిచాడు.

“క్యాన్సర్ ఇంకా కాలేదమ్మా. కానీ ఆ దారిలోనే ఉంది. చుట్ట మానేస్తే తగ్గే వీలుంది.”

“ఇయ్యాలే మానేత్తాను బాబూ” అంది కాసులమ్మ.

గుణశేఖర్ అందుకున్నాడు. “ఎన్నిసార్లు మొత్తుకున్నానో డాక్టరుగారూ! నాటు పొగాకు మరి. నేనూ కాలుస్తాననుకోండి, కానీ నావి ఏళ్ల తరబడి మాగబెట్టిన ఆకుతో చేసిన సిగార్లు. పొగ లోపలికి కూడా తీసుకోను.”

డాక్టరు ఆయన వైపు తిరిగి, “నోరు తెరవండి” అన్నాడు.

ఎడమ బుగ్గ లోపల బొటనవేలి గోరంత తెల్లటి మచ్చ.

“పొగకి దాని ఖరీదు తెలీదండీ. మీ అమ్మగారికి అంగిట్లో వచ్చింది, మీకు బుగ్గలో వచ్చింది. దీన్ని కోసి తీసి పరీక్షించాలి. సిగార్ ఇవాళే మానాలి.”

“ఆదివారం దాకా ఆగండి సార్. కప్పు ఎలాగూ మాదే. ఆ రోజుతో మానేస్తానని ఒట్టు కూడా ఉంది” అన్నాడు గుణశేఖర్.

రోజారమణికి అక్కడే ఆయన తల గోడకేసి కొట్టాలనిపించింది.

ఆదివారం వచ్చింది. ఆట ముగిసిపోబోతోంది, జట్టు ఒక గోలు ముందుంది. గవర్రాజు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. రోజారమణి కళ్లు మూసుకుని దండం పెట్టింది. గోలీ బంతి పట్టుకున్నాడు. హాయిగా పట్టుకుని ఊరుకోవచ్చు కదా! తనవాడికి విసరబోయి అవతలివాడి కాళ్ల దగ్గర వేశాడు. వాడు ఊరుకుంటాడా? ఆట సమానమైంది, కప్పు పోయింది.

గవర్రాజు చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. గుణశేఖర్ గోలీని ఏడు తరాలు తిట్టి, పెట్టె తెరిచి సిగార్ తీశాడు.

“సరే, వచ్చే ఏడాది చూద్దాం.”

“ఏటండీ చూసేది?” రోజారమణి టీవీకి అడ్డంగా వచ్చి నిలబడింది. “ఆ పదకొండుమందికి మీరెవరో తెలుసా? విశాఖపట్నం అని ఒక ఊరుందని తెలుసా? ఎవడో బంతి జారవిడిస్తే మీ బుగ్గలో మచ్చ ముదరాలా? మీకు మానడం ఇష్టం లేదు. అందుకే మీ ఒట్టుని వాళ్ల కాళ్లకి కట్టారు. ఓడిపోతారని తెలిసే కట్టారు!”

ఆమె అన్నది నిజమని గుణశేఖర్‌కి అప్పుడే తెలిసింది. గుమ్మంలో కూర్చున్న తల్లి వైపు చూశాడు. ఆవిడ చుట్టకి బదులు సోంపు గింజలు నోట్లో వేసుకుంటోంది.

“నీకెలా ఉందే అమ్మా?”

“నాలిక పీకేత్తంది నాయనా. నిద్దర నేదు. అయినా నా నోరు నాను కాసుకోపోతే ఇంకెవులు కాత్తారు?”

ఆయన చేతిలోని సిగార్‌ని నలిపి వసారా అవతల పారేశాడు.

మర్నాడు బుగ్గలోని మచ్చ కోయించుకున్నాడు. అదృష్టం, క్యాన్సర్ కాదు. అంతటితో అంతా సాఫీగా సాగిందనుకోకండి. ఒకసారి గవర్రాజు బోటు మీద దొంగతనంగా కాల్చి వచ్చి, రోజారమణి చేత గట్టిగా చివాట్లు తిన్నాడు. మళ్లీ మానాడు. కొత్త ఏడు మొదటి ఆటలోనే జట్టు చిత్తుగా ఓడితే, పొగ లేకుండానే వీధంతా వినబడేలా అరిచాడు.

తర్వాత పరీక్షకి వెళ్లినప్పుడు కాసులమ్మ అంగిట్లో తెలుపు చాలావరకు పలచబడి ఉంది. గుణశేఖర్ సిగ్గుపడుతూ తన ఒట్టు కథంతా డాక్టరుకి చెప్పాడు. నరసింహమూర్తి నవ్వలేదు.

“నా దగ్గరికొచ్చేవాళ్లంతా ఏదో ఒక రోజు పేరు చెబుతారండీ. పిల్ల పెళ్లయ్యాక అంటారు, ప్రమోషన్ వచ్చాక అంటారు. మానడానికి ఒక రోజు పెట్టుకున్నవాడు అప్పటిదాకా కాల్చడానికి అనుమతి తీసుకున్నట్టే. నిజంగా మానాలనుకున్నవాడు ఎవరి గెలుపు కోసమూ ఆగడు.”