మూడంగుళాల పళ్ళు

మంచు మీద నడిచే స్నోమొబైల్ కింద తిరిగే రబ్బరు పట్టా మార్చి ఎత్తు పళ్ళది బిగించమని మా అక్క వెర్డా అడిగినప్పుడు నాకు ఒళ్ళు మండింది. అరవై మూడేళ్ళ మనిషి పొయ్యి పక్కన హాయిగా కూర్చోవచ్చు. కానీ ముప్పై ఒక్క ఏళ్ళుగా చలికాలంలో ప్రతి నెలా ఒకటో తేదీన టామరాక్ కొండ మీద మంచు లోతు కొలిచేది ఆవిడే. ఆ మంచు కరిగి వేసవిలో ఎన్ని నీళ్ళొస్తాయో కింద లోయ రైతులకి తెలిసేది ఆ కొలతతోనే. పోయిన నెల కొండ చివరి ఎత్తు ఎక్కుతుండగా బండి పొడి మంచులో నడుం లోతున కూరుకుపోయింది. అక్క కొలవకుండానే తిరిగొచ్చింది. ఈసారీ పైకి చేరకపోతే పని హెలికాప్టర్ వాళ్ళకి ఇచ్చేస్తామని ఆ లెక్కలు చూసే నీటి ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది.

పాత పట్టా పళ్ళు రెండంగుళాలు, కొత్తదానివి మూడు. అవి బండి పొట్టకి రాసుకోకుండా లోపల పట్టాని తిప్పే చక్రాలు కూడా చిన్నవి వెయ్యాలి. గరాజ్‌లో బండిని పక్కకి పడుకోబెట్టి, చైను పెట్టె విప్పి, ఇరుసు లాగి, సణుక్కుంటూనే మధ్యాహ్నానికి బిగించాను.

అక్క కాఫీ తాగుతూ వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఒరే ఆర్లో, నన్ను కొండ రివర్సులో ఎక్కమంటావేంట్రా?"

"ఏం?"

"పళ్ళు ఎటు తిరిగున్నాయో చూడు."

చూశాను. ప్రతి పన్నూ దోసిలిలా వంగి ఉంటుంది. ఆ దోసిలి మంచుని వెనక్కి తోయాలి. నేను బిగించింది ముందుకి చూస్తోంది. నలభై ఏళ్ళ మెకానిక్‌ని, పట్టా తిరగేసి ఎక్కించాను. తల కొట్టేసినట్టయింది.

"కావాలనే చేశావా?" అంది. ఈసారి వెక్కిరింపు లేదు.

"లేదక్కా. మనసు పని మీద లేదు. పోయిన నెల నువ్వు నాలుగు గంటలు ఆలస్యమైతే నా గుండె ఆగినంత పనైంది. నువ్వు వెళ్ళడం నాకిష్టం లేదు."

"ఆ ముక్క పొద్దున్నే చెప్పి ఏడవొచ్చుగా. సగం రోజు దండగ." కప్పు పక్కన పెట్టి స్పానర్ అందుకుంది. "భయం ఉంటే మంచిదేలే, ఈసారి సరిగ్గా బిగిస్తావు."

"నేనూ వస్తాను."

"నీ బండి పళ్ళు రెండంగుళాలే. నువ్వు కూరుకుపోతే తవ్వేదెవరు?"

ఇద్దరం కలిసి మళ్ళీ అంతా విప్పి బిగించాం. ప్రతి పన్నూ చేత్తో తడిమి చూశాను.

మర్నాడు ఒకటో తేదీ. అక్క ఎనిమిదింటికి బయల్దేరింది. నేను ఏ పనీ ముట్టుకోలేదు. పదకొండున్నరకి గరాజ్‌లో వైర్‌లెస్ రేడియో గరగరలాడింది, కొండ మీంచి అక్క.

"నూట పద్నాలుగు అంగుళాలు. రాసుకో."

"మళ్ళీ చెప్పు."

"చెవుడొచ్చిందా? నూట పద్నాలుగు."

మొదటిసారే స్పష్టంగా వినపడింది. అంకె అప్పటికే రాసేశాను కూడా. అక్క గొంతు ఇంకోసారి వినాలనిపించింది, అంతే.