ఊరికే వచ్చిన టీవీ

కైకలూరులో రొయ్యల మేత కొట్టు నడిపే కృపావరానికి దేవుడు అన్నీ ఇచ్చాడు. నడిచే కొట్టు ఇచ్చాడు. కలిదిండి దారిలో చెరువుల్లో వాటా ఇచ్చాడు. ఓర్పున్న భార్యనిచ్చాడు. అయినా ఆయనకు మనసులో ఏదో వెలితి. వాటన్నిటికీ ఎంతో కొంత కష్టపడాల్సి వచ్చింది మరి. ఊరికే వచ్చినదాని రుచి వేరని ఆయన గట్టి నమ్మకం.

ఆ నమ్మకానికి ఇల్లే సాక్ష్యం. హాల్లో గోడ నిండా మేత కంపెనీలు పంచిన గడియారాలు. ఏ రెండూ ఒక టైము చూపించవు. "సరైన టైము కావాలంటే కొనుక్కోవాలి. ఊరికే ఇచ్చినదానికి వంకలు పెట్టకూడదు" అనేవాడు కృపావరం. వంటి మీద చొక్కా ఒక రొయ్యల మందు కంపెనీది, చేతిలో గొడుగు ఇంకో కంపెనీది. ఆదివారం చర్చికి కూడా కంపెనీ టోపీతోనే బయలుదేరబోతే భార్య దేవకుమారి గుమ్మంలోనే లాక్కుని లోపలికి విసిరేసేది.

అలాంటి మనిషి ఒకరోజు ఏలూరు వెళ్ళి, బస్టాండు పక్కన షామియానా కింద "టీవీ ఊరికే ఇస్తాం" అని మైకులో అరుస్తుంటే విన్నాడు. విన్నవాడు విన్నట్టు ఇంటికొచ్చేస్తే మనకీ కథ ఉండేది కాదు.

సాయంత్రానికి ఇంటి ముందు ఆటో ఆగింది. అందులోంచి మంచమంత పెట్టె, దాని వెనక మెడలో టై కట్టుకున్న కుర్రాడు దిగారు. కుర్రాడి పేరు సూర్యతేజ, శుభదృష్టి టీవీ కంపెనీ వాడు.

"ఎంతకి కొన్నారేంటండీ?" అంది దేవకుమారి, భర్తను పక్కకి పిలిచి.

"కొనడమేంటే పిచ్చిదానా! ఊరికే."

"ఊరికే ఎవరిస్తారండీ? కొల్లేట్లో పుట్టిన చేపనే ఊరికే ఇవ్వరు."

ఆ మాట సూర్యతేజ చెవిన పడింది. "ఆయ్, నిజంగా ఊరికేనండి మేడమ్ గారూ! పైన ఈ పెద్ద తెర మీదండి. మీకిష్టమైంది చూసుకోండి. కింద ఈ చిన్న తెర మీద ప్రకటనలు వస్తా ఉంటాయండి. వాటిని కూడా చూస్తా ఉంటే చాలండి."

"చూడకపోతే?"

"చూస్తారండి" అన్నాడు సూర్యతేజ, ఎంతో ప్రేమగా. "ఇదిగోండి, పైన చిన్న కన్నులాంటి కెమేరా ఉందండి. మీరు చూస్తున్నారో లేదో అదే కనిపెట్టుకుంటుందండి. మీకేం శ్రమ లేదండి."

రోజుకి ఆరు గంటలు ఇంట్లోవాళ్ళెవరో ఒకరు దాని ఎదురుగా కూర్చోవాలట. చిన్న తెర మీద గుడ్డ కప్పకూడదట. ప్రకటనల గొంతు తగ్గించకూడదట. నియమం తప్పితే టీవీ ఖరీదు మొత్తం కట్టాలట. "అయినా అలాంటి పరిస్థితి మనకెందుకొస్తుందండీ" అని నవ్వాడు కుర్రాడు. కృపావరం ఇంకా పెద్దగా నవ్వి, ఫోన్ మీద వేలిముద్ర వేసేశాడు. తరవాత అందరూ వరసగా కెమేరా ముందు నిలబడి మొహాలు చూపించారు. చివర్లో కృపావరం తండ్రి పేతురు కర్ర పోటేసుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"నన్నీమధ్య ఎవరూ చూడ్డం లేదురా అబ్బాయ్. పోన్లే, ఇదైనా చూస్తుంది" అన్నాడాయన.

మొదటి వారం కృపావరం కాళ్ళు నేల మీద లేవు. కొట్టుకొచ్చిన ప్రతి చెరువు రైతునీ ఇంటికి తీసుకొచ్చి టీవీ చూపించాడు. "ఎంతండీ?" అని వాళ్ళడగాలి, "ఊరికే" అని తను చెప్పాలి. ఆ ఒక్క మాట చెప్పడానికి ఆయన వాళ్ళకి టీలు పోయించాడు, టిఫిన్లు పెట్టించాడు.

టీవీకి కళ్ళే కాదు, చెవులు కూడా ఉన్నాయని రెండో వారంలో తెలిసింది. పొద్దున్న పేతురు కోడలి దగ్గరికొచ్చి, కడుపు బిగదీసుకుపోయిందమ్మా, నాలుగు రోజులైంది అని గుసగుసగా చెప్పుకున్నాడు. సాయంత్రం పాస్టరుగారి భార్య పుష్పలతమ్మగారు పలకరించడానికొచ్చి కూర్చోగానే కింద తెర వెలిగింది. "పేతురు గారూ! నాలుగు రోజులుగా ఇబ్బందా? పడుకునే ముందు ఒక్క చెంచా చాలు!" అంటూ ఒక అమ్మాయి డబ్బా పట్టుకుని గిరగిరా తిరిగింది.

పుష్పలతమ్మగారు కిటికీలోంచి వీధి కేసి చూస్తూ కూర్చున్నారు. దేవకుమారికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పేతురు మాత్రం పొంగిపోయాడు. "చూశావా అమ్మా, పేరెట్టి అడిగింది! ఇంట్లో ఇంతమందున్నారు, ఒక్కరైనా అడిగారా?"

ఆరు గంటలంటే వినడానికి తేలికే. కూర్చుంటే తెలుస్తుంది. దేవకుమారి బడి పంతులమ్మ, పగలంతా ఇంట్లో ఉండదు. అందుకని కృపావరం తండ్రిని టీవీ డ్యూటీలో వేశాడు. ఆ వయసులో మనిషికి మెత్తటి కుర్చీ, పైన ఫ్యాను దొరికితే ఏమవుతుందో అదే అయింది. పేతురు కళ్ళు మూతపడగానే టీవీ "మీరు చూడటం లేదు! మీరు చూడటం లేదు!" అని ఫైరింజనులా కూసేది. ముసలాయన ఉలిక్కిపడి లేచి, "చూస్తున్నానండీ, చూస్తున్నాను" అని టీవీకి దణ్ణం పెట్టేవాడు. రెండోసారి కర్ర జారి కిందపడబోయాక దేవకుమారి అడ్డుకుంది.

దాంతో డ్యూటీ కృపావరానికే పడింది. మధ్యాహ్నం కొట్టు మూసేసి ఇంటికొచ్చి కూర్చునేవాడు. కలిదిండి నుంచి మేత కోసం వచ్చిన రైతులు తాళం కప్పని కాసేపు చూసి ఎదురు కొట్టుకి వెళ్ళేవారు. ఎదురు కొట్టు గోపీచంద్ ఎప్పుడు కనిపించినా, "టీవీ బాగా వస్తోందా అండీ?" అని ఎంతో ఆప్యాయంగా అడిగేవాడు. అతని ఆప్యాయత రోజురోజుకీ పెరగడం కృపావరం గమనించాడు గాని, ఎందుకో ఆలోచించలేదు.

ఆ నెలలో ఇంటి ప్రార్థన కూడిక వాళ్ళింట్లో పడింది. సంఘం వాళ్ళంతా చాపల మీద సర్దుకున్నారు. ఆరు గంటల్లో ఇంకా అరగంట బాకీ ఉందని కృపావరం టీవీ ఆపలేదు. గొంతు ఎలాగూ తగ్గదు, కనీసం పాటల మధ్య కలిసిపోతుందనుకున్నాడు. పాటలదాకా కలిసిపోయింది కూడా. ఆ తరవాత పాస్టరుగారు "కన్నులు మూసి ప్రార్థిద్దాం" అన్నారు.

అందరూ కళ్ళు మూశారు.

"మీరు చూడటం లేదు!" అంది టీవీ. "దయచేసి కళ్ళు తెరవండి!"

పాస్టరుగారు గొంతు పెంచి, లోకపు ఆకర్షణల గురించి ప్రార్థన మొదలుపెట్టారు. టీవీ కూడా గొంతు పెంచింది. కృపావరం చేతులు జోడించి, ఒక కన్ను దేవుడికి మూసి, ఒక కన్ను కంపెనీకి తెరిచాడు. అప్పుడు గాని అది శాంతించలేదు. చివర్లో అందరూ ఆమెన్ అని కళ్ళు తెరవగానే, "ధన్యవాదాలు! మీరు మళ్ళీ చూస్తున్నారు" అంది.

ఆ రోజు దేవకుమారి చేసిన పులిహోర ఎవరూ మారు వడ్డించుకోలేదు.

"ఏవండీ, ఇచ్చేద్దామండీ దీన్ని" అంది ఆమె, గిన్నెలు సర్దుతూ.

"ఇచ్చేస్తే ఖరీదు కట్టాలే! ఊరికే వచ్చినదానికి డబ్బు కట్టమంటావా?" అన్నాడు కృపావరం. ఆమె మిగిలిపోయిన పులిహోర గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టింది.

ఇంత చాకిరీ చేసినందుకు కంపెనీ వాళ్ళు మెచ్చుకుంటారనుకున్నాడాయన. ఒకరోజు సూర్యతేజ మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"చూడ్డం బాగానే చూస్తున్నారండి. కానీ కొనట్లేదండి" అన్నాడు.

"కొనాలని చెప్పలేదుగా!"

"చెప్పలేదండి. కొనాలని రూలేం లేదండి. కాకపోతే మీరిలాగే చూస్తా కూర్చుంటే, మీ ఇల్లు మాకు పనికిరాని ఇల్లని మా పైవాళ్ళు తీసేస్తారండి. టీవీ వేరే మంచి కుటుంబానికి వెళ్ళిపోతుందండి."

వేరే మంచి కుటుంబం! ఆ మాట కృపావరానికి ములుకులా తగిలింది. పుట్టి బుద్ధెరిగాక ఊరికే వచ్చిన వస్తువేదీ ఆయన చెయ్యి దాటి వెళ్ళలేదు. మర్నాటి నుంచి కొనడం మొదలుపెట్టాడు. కాళ్ళు పిసికే మిషను వచ్చింది. కాళ్ళ నొప్పి లేనివాళ్ళు కూడా అందులో కాళ్ళు పెట్టి నొప్పి తెచ్చుకున్నారు. అరటికాయని పువ్వులా కోసే కత్తి వచ్చింది. కొల్లేటి గాలి కొట్టే ఊళ్ళో గాలికి తడి చేర్చే డబ్బా వచ్చింది. చెంచా చూర్ణం డజను డబ్బాలొచ్చాయి, పేతురుకి ఇబ్బంది ఇటునుంచి అటు మారింది. టీవీ మాత్రం నిలబడింది. పైసా ఖర్చు లేకుండా దాన్ని నిలబెట్టుకున్నానని కృపావరం కొట్లో చెప్పుకున్నాడు.

ఇంతలో తాడేపల్లిగూడెం నుంచి దేవకుమారి అన్నయ్య బెంజమిన్ ఫోన్ చేశాడు. కూతురు ప్రసన్నకుమారికి పెళ్ళి ప్రధానం కుదిరింది. "పెద్దమనిషిగా బావగారే ముందుండి జరిపించాలి" అన్నాడు.

కృపావరం టీవీ కేసి చూశాడు. ఒక రోజంతా ఇంట్లో మొహం కనపడకపోతే నియమం తప్పినట్టే.

"నువ్వు నాన్నని తీసుకుని వెళ్ళు. నేను... కొట్లో పనుంది" అన్నాడు.

ప్రధానం రోజు దేవకుమారి పట్టుచీర కట్టుకుని, మావగారి చెయ్యి పట్టుకుని కారెక్కింది. పేతురు మాత్రం కారు అద్దంలోంచి తల బయటపెట్టి, "ఒరేయ్ కృపా, అది కేకలేస్తే దణ్ణం పెట్టరా, ఊరుకుంటుంది" అని ఉపాయం చెప్పాడు.

ఇల్లు ఖాళీ అయిపోయింది. కృపావరం కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా కెమేరా కన్ను ఆయన్ని చూసింది, అటూ ఇటూ వెతికింది, ఇంకెవరూ కనపడలేదు.

"కృపావరం గారూ! ఇంట్లో ఒక్కరే ఉన్నారా? ఒక్కరికి సరిపడా బిర్యానీ!" అంది కింది తెర.

ఆయన పట్టించుకోలేదు. కాసేపటికి, తోడు కోల్పోయినవారికి రెండో సంబంధాలు చూస్తామంటూ ఒకావిడ చిరునవ్వు నవ్వింది. కృపావరం ఎందుకో లుంగీ సర్దుకుని కూర్చున్నాడు. ఆ తరవాత ఒంటరి పెద్దల ఆశ్రమం వచ్చింది. తెల్లబట్టల్లో ఒక ముసలాయన చెయ్యి ఊపుతూ రారమ్మన్నాడు. ఆయన వెనక ఖాళీ కుర్చీ ఒకటి వేసి ఉంది.

మధ్యాహ్నం అయింది. తాడేపల్లిగూడెంలో ఈపాటికి ఉంగరాలు మార్చుకుని ఉంటారు. పెద్దవాళ్ళ వరసలో తన కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టారో! ఫోన్ తీసి చూశాడు. ఎవరూ చెయ్యలేదు.

అప్పుడు తెర మీద మెత్తటి సంగీతం, పచ్చటి గడ్డి, దాని మీద నున్నటి పాలరాయి కనపడ్డాయి. "కృపావరం గారూ, మీ వాళ్ళకి భారం కాకండి. మీ సమాధిని మీరే ముందుగా ఎంచుకోండి. ఈ వారం బుక్ చేసుకుంటే శిలువ ఉచితం!"

ఉచితం.

ఆయన చెయ్యి రిమోట్ కేసి వెళ్ళింది. నొక్కబోయే బొటనవేలు బటన్ మీదికి వెళ్ళాక గాని, తను దేన్ని కొనబోతున్నాడో ఆయనకి తట్టలేదు. చెయ్యి కాలినట్టు రిమోట్ వదిలేశాడు. అద్దంలో మొహం చూసుకోవడానిక్కూడా భయం వేసింది, ఎక్కడ అందులోంచి కూడా ఎవరైనా ఏదైనా అమ్ముతారోనని.

లేచి చొక్కా తొడుక్కున్నాడు. "మీరు చూడటం లేదు!" అని టీవీ మొదలెట్టింది. "చూడనే! ఏం చేస్తావో చేసుకో!" అని దాని మీద అరిచి, మూల పడున్న దుప్పటి తెచ్చి కెమేరాకీ, చిన్న తెరకీ, పెద్ద తెరకీ కలిపి ముసుగు వేసేశాడు. లోపల్నుంచి అది కూస్తూనే ఉంది. తాళం వేసి బస్సెక్కాడు.

కొల్లేటి మీదుగా ఏలూరు, అక్కణ్ణుంచి గూడెం. చేరేసరికి పొద్దు వాలింది. వంటవాళ్ళు గుండిగలు కడుగుతున్నారు, చుట్టాలు సగం వెళ్ళిపోయారు. రొయ్యల మందు కంపెనీ చొక్కాతో గేటు దగ్గర నిలబడ్డ బావగారిని చూసి బెంజమిన్ మొహం తిప్పుకున్నాడు. పెళ్ళికూతురు ప్రసన్నకుమారే ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. "రండి మావయ్యా, మీకోసం కూర తీసి ఉంచమన్నాను. అత్త వద్దంది గాని" అంది.

దేవకుమారి విస్తరి వేసింది. చల్లారిన అన్నం, అడుగంటిన మాంసం కూర. కృపావరం తల ఎత్తకుండా తిన్నాడు.

"టీవీనెవరు చూస్తున్నారండీ?" అంది ఆమె, నీళ్ళు పోస్తూ.

"దుప్పటి" అన్నాడాయన.

ఆమె నవ్వు ఆపుకోడానికి చాలా ప్రయత్నించింది.

మూడో రోజు సూర్యతేజ ఆటోతో వచ్చాడు. కృపావరం మారుమాట లేకుండా ఖరీదు మొత్తం కట్టాడు. "సరే, ఇంక ఆ కింది తెర పీకేసి పో బాబూ" అన్నాడు.

"అబ్బే, టీవీ మేం తీసుకుపోవాలండి. ఊరికే ఇచ్చిన వస్తువు అమ్మకూడదని మా కంపెనీ రూలండి."

"మరి నేను కట్టిందేంటి?"

"అది ఖరీదండి."

కుర్రాడు మరలు విప్పుతుంటే దేవకుమారి టీ తెచ్చి ఇచ్చింది. "నువ్వు కంపెనీలో మనిషివి కదా బాబూ, మీ ఇంట్లో ఎంత పెద్దది పెట్టారు?" అని అడిగింది.

సూర్యతేజ టీ ఊదుకుంటూ తలదించుకున్నాడు. "మా ఇంట్లోనా అండీ? మా అమ్మ గుమ్మం తొక్కనివ్వలేదండి."

పేతురు టీవీ ఆటో ఎక్కేదాకా గుమ్మంలో నిలబడి, అది మలుపు తిరుగుతుంటే చెయ్యి ఊపాడు. కృపావరం మాత్రం బయటికి రాలేదు. తాళాలు తీసుకుని, వెనక వీధిలోంచి కొట్టుకి నడిచాడు. మధ్యాహ్నం పూట ఆ తలుపులు తెరుచుకోవడం చూసి గోపీచంద్ మొహం వాడిపోయింది. "టీవీ బాగా వస్తోందా అండీ?" అని ఆ రోజు అడగలేదు.