బంగారు సూది ఆపిన రోజు

బాబు మియా పరీక్ష గొట్టాన్ని స్పిరిట్ దీపం మీద వంచి పట్టుకుని, పైభాగాన్ని మాత్రమే వేడి చేస్తున్నాడు. నస్పూర్‌లోని ఆ చిన్న క్లినిక్‌లో ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయనే కంపౌండరు. పొట్టి మనిషి, వంగిన భుజాలు, స్పిరిట్ వాసన వదలని వేళ్లు. కీళ్లవాతానికి వారానికొకసారి బంగారు ఉప్పుతో చేసిన మందు సూది ఇస్తాడు. కానీ మూత్రం చూడకుండా సూది పట్టడు, డాక్టరు తొందరపెట్టినా సరే. వేడికి మూత్రం తెల్లబడిందంటే అందులో ప్రొటీను ఉందని, మందు మూత్రపిండాలను దెబ్బతీస్తోందని అర్థం. ఆ మొండితనంతో ఎందరిని కాపాడాడో ఆయనకే తెలియదు.

లింగవ్వ సీసాలో తెచ్చిన మూత్రం వేడి చేసినా తేటగానే ఉంది. బీడీలు చుట్టే మనిషి ఆమె. ఏడాది కింద ఆమె వేళ్లు ఆకును కూడా మడవలేకపోయేవి. నొప్పి మాత్రలు పూటకే పనిచేశాయి. ఈ మందు మాత్రం నాలుగు నెలలు ఊరించి, చివరికి కీళ్ల వాపునే అణిచింది.

టీ వచ్చింది. లింగవ్వ ఒక్క గుక్క తాగి, మొహం చిట్లించి గ్లాసు పక్కన పెట్టింది. కొంగు కింద మెడ గోక్కుంది. బాబు మియా చూశాడు. నోటిపూత, దురద ఆ మందు వికటిస్తోందనడానికి గుర్తులు.

“నోరు పొక్కిందా?”

“ఏం లేదు సాబ్.”

“గీ సీసల ఉన్నది నీదేనా లింగవ్వా?”

ఆమె తల దించుకుంది. “కోడలిది. ఒళ్లంత దురద లేసింది. నీకు తెలిస్తే సూది బంద్ జేస్తవ్. వేళ్లు మల్ల ముడుసుకపోతే నేనెట్ల బతకాలె?”

ఆయనకు కోపం రాలేదు, జాలి వేసింది. ఖాళీ సీసా ఇచ్చి పంపాడు. ఈసారి గొట్టంలో పైభాగం మజ్జిగలా తెల్లబడింది.

“ఇయ్యాల సూది లేదు. కిడ్నీలు పాడైతే చేతులుండి ఏం లాభం? ఫికర్ జెయ్యకు, వేరే మందులున్నయ్. సాయంత్రం డాక్టర్ సాబ్ వస్తడు.”

“నేను జేసింది తెలిస్తే ఆయన నన్ను మల్ల రానియ్యడు సాబ్.”

బాబు మియా లేత పసుపు మందున్న సీసాను వెలుతురు తగలకుండా డబ్బాలో పెట్టాడు. ఒక చీటీ మీద ఏదో రాశాడు. మధ్యాహ్నం నమాజ్ చేసి వచ్చి కుర్చీలో వెనక్కి వాలాడు.

నాలుగు గంటలకు, డాక్టరు కోసం కూర్చున్న లింగవ్వ పిలిస్తే పలకలేదు. భుజం తట్టింది. చల్లగా ఉంది. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా బతికిన మనిషి అలాగే పోయాడు.

ఇంటివాళ్లు వచ్చి తీసుకుపోయాక, డాక్టరు ఎర్రబడ్డ కళ్లతో బల్ల మీది చీటీ తీసి పైకి చదివాడు. “లింగవ్వ మూత్రంలో ప్రొటీను ఉంది, సూది ఆపాను. దురద సంగతి తనే వచ్చి చెప్పింది. చేతుల మీద బతికే మనిషి. వేరే మందు ఆలస్యం చేయకండి.”

“మంచి పని జేసినవమ్మా, దాయకుండ చెప్పి,” అన్నాడు డాక్టరు.

లింగవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. బల్ల మీద ఆ చీటీ, పక్కన మూత పెట్టని పెన్ను ఉన్నాయి.