మరీ బుద్ధిగా ఉన్న గీత

మా వదిన సర్క్యూట్లు గీస్తుంది, నేను అమ్ముతాను. అన్నయ్య పెళ్లయిన కొత్తలోనే మా వర్క్‌షాపులో పనులు ఇలా పంచుకున్నాం.

అప్పుడు నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టెకు కరెంటు అందించే సర్క్యూట్ చేస్తున్నాం. బోర్డు తయారీకి పంపాల్సిన రోజు వదిన చివరిసారిగా కంప్యూటర్‌లో దాన్ని నడిపి చూసింది. తెర మీద వోల్టేజీ గీత నూనె రాసి దువ్విన జుట్టులా నున్నగా వచ్చింది.

"ఇంక పంపించేద్దామా?" అన్నాను.

"ఆగు. ఇది మరీ బుద్ధిగా ఉంది."

"బుద్ధిగా ఉంటే మంచిదేగా వదినా?"

"స్విచ్ టక్కున ఆగితే తీగ చుట్టిన కాయిల్ ఊరుకోదు, ఎదురు తిరుగుతుంది. ఆ కుదుపు గీతలో కనబడాలి. ఏమైపోయింది?"

సాఫ్ట్‌వేర్ అక్కడో చుక్క, ఇక్కడో చుక్క లెక్కగట్టి మధ్యలో గీత కలిపేస్తుందట. చుక్కలు దూరంగా ఉంటే వాటి నడుమ ఏం జరిగినా మన కంటబడదు. వదిన చుక్కల్ని దగ్గర చేసింది. అంతకుముందు చిటికెలో తేలిన లెక్క నత్తనడకన సాగింది. టీ తాగి వచ్చేసరికి తెర నిండా మేకుల్లాంటి పోట్లు.

నేను తెర మీదికి వంగాను. "డిజైన్ అంతా మార్చాలా?"

ఆమె కంగారు పడలేదు. చుక్కల దూరం ఇంకోసారి మార్చి చూసింది. పోట్లూ మారాయి.

"ఇదీ అబద్ధమే. నిజమైన కాయిల్‌కు మన చుక్కల సంగతేం తెలుసు? పొరపాటు నాదే. నేను సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చిన కాయిల్‌లో తీగకు నిరోధమే లేదు. అలాంటిది ఏ షాపులో దొరుకుతుంది?"

తన పొరపాటును ఇంత మామూలుగా, మొహం చిన్నబుచ్చుకోకుండా చెప్పేవాళ్లను నేను ఎక్కువమందిని చూడలేదు. వెంటనే అసలు కాయిల్‌ను బల్ల మీద పెట్టి మీటరుతో కొలిచింది. తీగ నిరోధం, చుట్ల మధ్య కాస్త విద్యుత్తును దాచుకునే కెపాసిటెన్స్ రెండూ లెక్కలో చేర్చింది. ఈసారి ఒక పోటు లేచి, కాసేపు ఊగి, సద్దుమణిగింది. స్విచ్‌గా పనిచేసే ట్రాన్సిస్టర్ తట్టుకోగలిగిన దానికంటే అది కొంచెం ఎక్కువే.

"ఇదే నిజం," అంది తృప్తిగా. చెడ్డ కబురుకు అంత సంతోషించిన మనిషిని అప్పుడే చూశాను.

స్విచ్ పక్కన ఒక చిన్న రెసిస్టర్, ఒక కెపాసిటర్ చేర్చగానే పోటు లొంగింది. అయినా ఆమెకు నమ్మకం కుదరలేదు. చేత్తో ఒక నమూనా అతికించి, అసలు వోల్టేజీని గీతగా చూపే ఆసిలోస్కోప్‌కు తగిలించింది. రెండు తెరల మీదా గీతలు అచ్చుగుద్దినట్టు కాకపోయినా, అన్నదమ్ముల్లా ఉన్నాయి.

"ఇప్పుడు పంపు," అంది.

మొదటి పెట్టెను ఆస్పత్రిలో బిగించిన రోజు ఇద్దరం వెళ్లాం. లోపల అరచేతంత పాప నిద్రపోతోంది. వదిన ముందు సర్క్యూట్ ఉన్న డబ్బా మీద చెయ్యి ఆనించి, వేడెక్కుతోందేమో చూసింది. తర్వాతే పాప వైపు తిరిగింది. నర్సు వచ్చి పక్కకు జరగమనే దాకా అలా చూస్తూనే ఉంది.