వంటగది లేని అడవి

కందిపొడికి పప్పు దోరగా వేగేటప్పుడు మూకుడు దగ్గర్నుంచి కదలకూడదు. ఆ సంగతి తెలిసీ, టీవీలో కెన్యా అన్న మాట వినపడేసరికి హైమ గరిటె వదిలేసి హాలు గుమ్మం దాకా వచ్చేసింది. ఎన్నికల గొడవలట. రోడ్ల మీద టైర్లు కాలుతున్నాయి, పిల్లల్ని చంకనేసుకుని జనం ఊళ్లు ఖాళీ చేసి పోతున్నారు. ఫిబ్రవరిలో వీళ్లు జంతువుల్ని చూడ్డానికి వెళ్లాల్సింది ఆ దేశానికే.

"మాడువాసనొస్తోంది, హైమా!" అన్నాడు శశిభూషణ్, సోఫాలోంచి తల తిప్పకుండా.

మాడిన పప్పు పారబోసి మళ్లీ మొదలెట్టింది. పోతే పోయింది పప్పు, ప్రయాణం కూడా పోతుందా అన్నదే ఆమె దిగులు. రాజమండ్రిలో ఆడపిల్లల కాలేజీలో ఇరవై ఏళ్లుగా జువాలజీ చెప్తోంది. సింహం ఎలా వేటాడుతుందో, దుప్పి ఎలా తప్పించుకుంటుందో బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్తుంది. చూసిందెక్కడ? విశాఖపట్నం జూలో, కటకటాల వెనక, నిద్రపోతున్న సింహాన్ని. మూడేళ్ల కిందట కాన్హా అడవికి వెళ్లారు గానీ, వెళ్లడం వేరు, చూడ్డం వేరు. దారిపొడుగునా రైల్లో పులి అడుగుజాడ ఎలా ఉంటుందో అందరికీ వివరించింది తనే. తీరా తెల్లారుజామున జీపు వచ్చేసరికి, "మేం తిరిగొచ్చేసరికి వేడివేడిగా ఉప్మా ఉంటే బావుంటుంది హైమా, మీ ఆడవాళ్లు సాయంత్రం వెళ్దురుగాని" అన్నాడు శశిభూషణ్. అతని స్నేహితుడు, ప్లీడరు సత్యనారాయణ గారు, జీపులోంచి చెయ్యూపుతూ, "మాకు పులి, మీకు పులిహోర!" అన్నాడు. అందరూ నవ్వారు. మర్యాదకి తనూ నవ్వింది, అదే ఇప్పటికీ మంట. తనూ, ప్లీడరు గారి భార్య పావనీ గెస్ట్ హౌస్ వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతుంటే వాళ్లు పులిని చూసొచ్చారు. సాయంత్రమంటే రాత్రి వంట ఉండనే ఉంది. కాలేజీ తెరిచాక పిల్లలు, "మేడమ్, పులిని చూశారా?" అని చుట్టుముడితే హైమ బోర్డు వైపు తిరిగి తారీకు వెయ్యడం మొదలెట్టింది.

పప్పు మాడిన రోజు సాయంత్రం సత్యనారాయణ గారు, ట్రావెల్స్ ఆశీర్వాదాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. మగవాళ్లు హాల్లో కూర్చున్నారు, హైమ పెసరట్లు వేసి అందిస్తోంది. ఎక్కడైతే గొడవలుండవు, ఎక్కడైతే ఆడవాళ్లతో వెళ్లినా భయముండదు అని చర్చ.

"టాంజానియా ప్రశాంతంగా ఉందండి. కెన్యా పక్కనే గానీ ఈ గొడవలు అటు లేవు" అన్నాడు ఆశీర్వాదం.

హైమ చేతిలో అట్లకాడతోనే వచ్చేసింది. "అక్కడికే వెళ్దామండీ! ఫిబ్రవరిలో సెరెంగెటీ మైదానాల దక్షిణాన అడవిదున్నల్లాంటి వైల్డ్‌బీస్టులు వేలకి వేలు ఈనుతాయి. పుట్టిన దూడ కాసేపట్లోనే లేచి పరిగెడుతుంది. ఆ దూడల కోసం సింహాలు..."

"చెల్లెమ్మ గారూ, అల్లం చట్నీ ఇంకాస్త ఉందా?" అన్నాడు సత్యనారాయణ గారు.

తెచ్చి వేసింది. ఆశీర్వాదం మాత్రం, "మేడం గారు చెప్పింది నిజవేనండి. ఒకటే ఇబ్బంది. అక్కడ టెంట్లలో స్టవ్ వెలిగించనివ్వరండి. తిండి వాళ్లు పెట్టిందే" అన్నాడు.

స్టవ్ వెలిగించనివ్వరు! ఆ మాటకి హైమ గుండె గంతేసింది. వెంటనే టీవీలో చంటిపిల్లల్ని మోసుకుపోయే ఆడవాళ్లు గుర్తొచ్చి సిగ్గేసింది. వాళ్ల ఇళ్లు తగలబడితే తనకి పొయ్యి తప్పుతుందని సంబరపడటమా, ఛీ అనుకుంది. అయినా సంబరం పోలేదు.

"అమ్మో, పది రోజులు ఆ రొట్టెముక్కలా!" అన్నాడు శశిభూషణ్.

"దక్షిణాఫ్రికా చూడండి మరి. కాటేజీకో వంటగది ఉంటుందండి" అన్నాడు ఆశీర్వాదం.

"అదీ! దేశం సేఫ్‌గా ఉంటే చాలదండీ, కడుపు కూడా సేఫ్‌గా ఉండాలి" అని సత్యనారాయణ గారు చెయ్యి కడుక్కోడానికి లేచాడు. తేలిపోయింది. ఆమెనెవరూ అడగలేదు. దక్షిణాఫ్రికాలోనూ సింహాలుంటాయి, పొద్దున్నే జీపులుంటాయి. జీపు కదిలే వేళకి తనెక్కడుంటుందో హైమకి తెలుసు. అత్తగారు బుల్లెమ్మ గారు పోయేముందు దాకా అనేవారు, "నీ చేతి వంటకి అలవాటు పడ్డవాడు బయట బతకలేడే" అని. అది మెప్పని ఇన్నేళ్లూ మురిసింది, పిచ్చిమొహంది.

మర్నాడు క్లాసులయ్యాక రిక్షా ఎక్కి దానవాయిపేటలో ఆశీర్వాదం ఆఫీసుకి వెళ్లింది. టాంజానియాకి ఇంకెవరైనా వెళ్తున్నారా అని అడిగింది. కాకినాడ నుంచి రిటైరైన మేష్టర్ల బృందం ఉందన్నాడు.

"అందులో నా పేరు రాయండి. మావాళ్ల జాబితాలో కొట్టెయ్యండి."

"సారుకి తెలుసాండీ?"

"ఇవాళ చెప్తాను."

చెప్తానంది గానీ ఇంటిదాకా ఏమంటాడోనన్నదే ఆలోచన. పిఠాపురం వెళ్లాలన్నా తోడు లేకుండా కదిలింది లేదు. ఒంటరిగా ఎలా వెళ్తావంటాడు. గొడవలు అటూ పాకితే అంటాడు. జ్వరమొస్తే ఎవరు చూస్తారంటాడు. అన్నిటికీ జవాబులు సిద్ధం చేసుకుంది. అతను నిజంగా భయపడితే మాత్రం తను కరిగిపోతుందేమోనని, అసలు భయం అదే.

భోజనాల దగ్గర చెప్పింది. శశిభూషణ్ కలిపిన ముద్ద మళ్లీ కంచంలో పెట్టేశాడు.

"మరి దక్షిణాఫ్రికాలో మాకు వంటో? పావని గారొక్కరే అందరికీ చెయ్యాలంటే ఎలాగ?"

హైమ ఇంకాసేపు చూసింది, తన గురించి రెండో ప్రశ్న వస్తుందేమోనని. అతను చారు కలుపుకున్నాడు. ఆమె లేచి, ప్రయాణానికని అటక మీంచి దింపిన చిన్న రైస్ కుక్కర్ తెచ్చి అతని కంచం పక్కన పెట్టింది.

"గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లండి. రేపు పొద్దున్న మీరు పెట్టండి, నేను చూస్తాను."