కలిపిపెట్టే చెయ్యి

“మంగా, అన్నం కలుపు,” కంచం ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు పర్శరాములు.

మంగవ్వ ఒళ్లో బీడీల చాట, చాటలో తంబాకు, తడిపి కత్తిరించిన తునికాకు. ఇప్పుడు లేస్తే ఆకు ఎండిపోతుంది, మళ్లీ తడుపుకోవాలి. అయినా లేచింది. తంబాకు ఘాటు పోయేదాకా సబ్బుతో రెండుసార్లు చేతులు రుద్దుకుని, అన్నంలో పప్పు మెత్తగా కలిపింది. మొగుడు దుబాయి నుంచి లింగంపేటకు తిరిగొచ్చి ఏడాదైంది. రెండు పూటలా ఇదే తంతు. “నువ్వు కలిపితేనే తిన్నట్టుంటది” అంటాడు. మొదట్లో ఆ మాటకు మురిసిపోయింది పిచ్చిది. అత్త నర్సవ్వ కూడా “నీ నసీబు మంచిదే, నీ చేతి ముద్ద లేంది వాడు తినడు” అంటూ ఉంటుంది.

నిన్న నాగిరెడ్డిపేట నుంచి రాజేశం వచ్చాడు, దుబాయిలో మొగుడితో ఒకే రూంలో ఉన్న దోస్తు. చాయ్ తాగుతూ, “వదినా, మా రూంల తొమ్మిది మందికి అన్ననే వండేటోడు. నాకు జరమొస్తే అన్నం కలిపి తినిపిచ్చిండు గూడ” అన్నాడు.

కామారెడ్డిలో డిగ్రీ చదివే కూతురు అనిల ఇవాళ బస్సు దిగి రాగానే మంగవ్వ ఈ సంగతి చెప్పుకుంది. “జపానోళ్లకు దీనికో మాటుందమ్మా, ‘అమాయె’ అని. మా సైకాలజీ పుస్తకంల ఉంది. చేతనైనా గూడ, మనోళ్లే గదా చేస్తరు అని చిన్నపిల్లల లెక్క మీద ఒరుగుడు.”

అయితే ఇది ప్రేమేనా? పరాయివాళ్లకు వండిపెట్టినవాడు తన దగ్గర పసిపిల్లాడైతే కోపం రావాలా, మురవాలా? మంగవ్వకు పాలుపోలేదు. ఒక్కటి మాత్రం కలుక్కుమంది. తను ఎవరి మీద ఒరిగింది? బాలింతగా ఉన్నప్పుడూ బీడీలు చుట్టింది, ఒళ్లు కాలిపోతున్నా లేచి వండింది. ఒరిగితే ఆనుకోనిచ్చే మనిషి ఉన్నాడో లేడో ఇన్నేళ్లలో ఒక్కసారీ చూసుకోలేదు.

పర్శరాములు తిని లేచాడు. మంగవ్వ మళ్లీ చాట ముందు కూర్చుని రెండు చేతులూ తంబాకులో పెట్టింది.

“నాక్కూడ ఆకలైతుంది. చేతులకు తంబాకున్నది. కలిపి తినిపియ్యి.”

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. అతను అటూ ఇటూ చూసి, “బిడ్డా అనిలా, మీ అమ్మకు జర అన్నం పెట్టు” అని కేకేశాడు.

పుస్తకం మూసి లేవబోయింది అనిల.

“నువ్వు కూసో బిడ్డా. నేను అడిగింది మీ బాపును.”

ఇది ప్రేమో, పంతమో ఆమెకు ఇంకా తెలియదు. చేతులు మాత్రం చాటలోంచి తీయకుండా, మొగుడి వైపు తిరిగి నోరు తెరిచింది.