అత్త మీద చల్లిన గడ్డి

మట్టి కుంగేదాకా ఆగాలి. నెల పట్టినా ఆగాలి.
కుంగిన చోట ఎర్రమట్టి పోసి చదును చేయాలి. రాళ్ళు, గాజుపెంకులు ఏరేయాలి.
మాగిన పశువుల ఎరువు, ఇసుక జల్లెడ పట్టి కలపాలి.
విత్తనం పిడికెడు, ఇసుక నాలుగు పిడికెళ్ళు. కలిపి చల్లాలి. ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా.
పైన పలచగా మట్టి. అరచేత్తో నొక్కాలి, కాలితో కాదు.
చీమలు విత్తనం మోసుకుపోతాయి. చుట్టూ పసుపు చల్లాలి.
గోనెపట్టా తడిపి కప్పాలి. మొలక కనబడిన రోజునే తీసేయాలి.
పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్ళు. ధారగా పోయకూడదు, చిలకరించాలి.
నాలుగు వేళ్ళ ఎత్తు వచ్చేదాకా కత్తెర పెట్టకూడదు.

ఇది మా మేనత్త కాంతమణి ఆసుపత్రి మంచం మీద పడుకుని చెబుతుంటే నేను స్కానింగ్ కవరు వెనక రాసుకున్నది. లాన్ అంటే బంగళాల ముందు ఉండేది గుర్తొస్తుంది ఎవరికైనా. ఈ లాన్ పొడవు ఆరున్నర అడుగులు, వెడల్పు మూడు. అది ఆమె సమాధి.

"నా మీద సిమెంటు పోయించొద్దురా," అంది ఆ రోజు.

"ఇప్పుడా మాటలెందుకత్తా?"

"ఇప్పుడు కాకపోతే పోయాక చెప్పమంటావా? ఎండాకాలం ఆ రాళ్ళ మీద చెయ్యి పెట్టి చూశావా ఎప్పుడన్నా? అప్పడం వేగుద్ది. నాది అసలే వేడి ఒళ్ళు. గడ్డి వెయ్యి."

"సరే. కార్పెట్ గడ్డి తెప్పించి పరిపిస్తాను."

"చుట్టలు చుట్టి తెస్తారే, అదా? అది టెంట్ హౌస్ కుర్చీ లాంటిది. మనది కాదు. విత్తనం చల్లి మొలిపించు. రాసుకో. డిగ్రీ చదివావు గానీ నీకేదీ గుర్తుండదు."

రాసుకున్నాను.

అత్తకు పిల్లలు లేరు. పెళ్ళయిన నాలుగేళ్ళకే మామయ్య పోతే బాపట్ల దగ్గరి ఊరి నుంచి సికింద్రాబాద్ వచ్చేసింది. సైనిక్‌పురిలో ఒక రిటైర్డ్ అధికారి ఇంట్లో ముప్పయ్యొక్క ఏళ్ళు తోటపని చేసింది. మా అమ్మా నాన్నా పోయాక ప్రిసిల్లా అక్కనీ నన్నూ నేరేడ్‌మెట్‌లో తన గదికి తెచ్చుకుని పెంచింది. మా వంశంలో డిగ్రీ చదివినవాణ్ణి నేనే మొదలు. ఇప్పుడు ఒక కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుని.

జూలై చివర్లో అత్త చనిపోయింది. ఆసుపత్రి వాళ్ళు చూపించిన చోటల్లా సంతకం పెట్టాను. పెట్టె కొలత చెప్పాను. ఏడుపు రాలేదు. ఆదరణ కూడికలో పాస్టరుగారు అత్త గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆమె పుట్టిన సంవత్సరం, బాప్తిస్మం తీసుకున్న సంవత్సరం, పనిచేసిన సంవత్సరాలు చెప్పి కూర్చున్నాను. పక్కనున్నవాళ్ళు నా భుజం తట్టారు. ఎవరి భుజమో తట్టినట్టుంది.

నలభయ్యో రోజు అక్క ఫోనులో ఒక ఫొటో చూపించింది. అక్క రాంగోపాల్‌పేట్‌లో ఒక బట్టల కొట్టులో జాకెట్లు కుడుతుంది.

"నల్ల గ్రానైటు. పేరు బంగారు రంగులో చెక్కి ఇస్తారంట. చూడు."

"అత్త వద్దంది కదక్కా."

"జబ్బు మనిషి సవాలక్ష అంటది. మాట పడేది మనం. చదివించి ఇంతవాణ్ణి చేస్తే ఆవిడకి రాయి కూడా పెట్టించలేదు, పశువుకి వేసినట్టు గడ్డి వేశాడంటారు."

అక్క భయం ఒట్టి మాటల భయం కాదు. మా సంఘంలో ఒక నియమం ఉంది. కట్టించిన సమాధి జోలికి ఎవరూ రారు. కట్టించని దాన్ని రిజిస్టరులో 'కచ్చా' అని రాస్తారు. పన్నెండేళ్ళు గడిచాక ఆ చోటు ఇంకొకరికి ఇస్తారు. సమాధుల తోటలో స్థలం లేదు, వాళ్ళనూ అనలేం. అత్తకు ఆ నియమం తెలుసు. "పన్నెండేళ్ళు చాల్లే. తర్వాత వచ్చేవాళ్ళకి మట్టి మెత్తగా ఉంటది," అంది.

అక్కకు అదే మాట చెప్పాను. ఫోనులో ఆ ఫొటో మూసేసి అంది:

"సరే. నవంబరు రెండు దాకా చూస్తా. సమాధుల పండుగ నాటికి అది పచ్చగా కనబడితే నేను నోరెత్తను. లేదంటే రాయే. మళ్ళీ నన్ను బతిమాలొద్దు."

సెప్టెంబరు మూడో వారానికి మట్టి కుంగడం ఆగింది. విత్తనాల కోసం నర్సరీకి వెళ్తే, అక్కడి కిషన్ నన్ను ఎగాదిగా చూశాడు.

"విత్తనాలా? గిప్పుడు విత్తనాలెవరు సల్లుతరు సార్? కార్పెట్ గడ్డి తీస్కపోండ్రి, పొద్దుగాల ఏస్తే సాయంత్రానికి లాన్ రెడీ."

"విత్తనాలే కావాలి."

"ఎంత జాగ?"

చెప్పాను. "గంతేనా? గది లాన్ గాదు సార్, మంచం," అని నవ్వాడు. గరిక విత్తనం చిన్న పొట్లం కట్టి ఇచ్చాడు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక కవరు దగ్గర పెట్టుకుని, పైనుంచి కిందికి ఒక్కొక్కటే చేశాను. కాపలాదారు జకర్యా చీపురు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"ఏంది సారూ, వరి ఏస్తున్నవా?"

"గడ్డి."

"ఉన్న గడ్డి పీకలేక నా నడుం పోతాంది. నువ్వు కొత్తగ ఏస్తవా! ఏం మనిషివయ్యా!"

అన్నాడే గానీ, పావురాలను తోలే పని తనే తీసుకున్నాడు. నేను పొద్దున ఐదున్నరకు పది లీటర్ల డబ్బా స్కూటర్ మీద పెట్టుకుని వెళ్ళేవాణ్ణి. సాయంత్రం ఆఫీసు నుంచి తిన్నగా వెళ్ళి, గేటు మూసేలోపు మళ్ళీ చిలకరించేవాణ్ణి. మూతకు చిల్లులు పొడిచిన సీసా నా జల్లు డబ్బా. ఇంటికొచ్చాక ఏం చేసేవాణ్ణో గుర్తు లేదు. అన్నం తినే ఉంటాను.

పదకొండో రోజున గోనెపట్టా ఎత్తితే తడి మట్టి మీద సూదిమొనల్లా ఆకుపచ్చ కనబడింది. జకర్యా అటు పోతున్న ఇద్దర్ని పిలిచి చూపించాడు. సంతోషించాల్సిన చోటు అదేనని నాకు తెలుసు. కవరు మీద 'పదకొండో రోజు, మొలక' అని రాసి, పట్టా మడిచి స్కూటర్ డిక్కీలో పెట్టుకున్నాను.

అక్టోబరు మొదట్లో పెద్ద వాన పడి కాళ్ళవైపు విత్తనం కొట్టుకుపోయింది. మళ్ళీ చల్లాను. ఇరవయ్యో తేదీకి తలవైపు రెండు వేళ్ళ ఎత్తు వచ్చింది, కాళ్ళవైపు ఒక వేలు. అక్క ఒక సాయంత్రం కొట్టు నుంచి వచ్చి, చెప్పులు విప్పి, వంగి అరచేత్తో తడిమింది.

"పలచగా ఉందిరా."

"పండుగకి చిక్కబడుతుంది."

"చూద్దాం," అంది. ఆ చేతిని చీరకు తుడుచుకోలేదు.

పండుగకు ముందు శనివారం మా యువజనులు సమాధుల తోట శుభ్రం చేస్తారు. ఏటా చేస్తారు. నేనూ ఆ గుంపులో పదేళ్ళు పార పట్టాను. గడ్డి మొలిచిన సమాధి అంటే దిక్కులేని సమాధి అని మాకు చెప్పేవారు. మనవాళ్ళు లేనివాళ్ళవి ముందు చేయాలి, గడ్డి వేళ్ళతో సహా తీయాలి, సున్నం వేయాలి. ఇదంతా నాకు కంఠతా వచ్చు. కానీ ఆ నెలంతా ఒక్కసారి కూడా తట్టలేదు. ఒక చీటీ రాసి గుచ్చి ఉంటే సరిపోయేది. అత్త చెప్పిన వాటిలో అది లేదు, ఆమె చెప్పినవే నేను చేశాను.

ఆ శుక్రవారం ఆఫీసులో తనిఖీ ఉండి సాయంత్రం వెళ్ళలేకపోయాను. శనివారం పొద్దున కూడా రమ్మన్నారు. పదకొండింటికి వదిలితే నీళ్ళడబ్బాతో వెళ్ళాను. జకర్యా కూతురి బిడ్డ బాప్తిస్మానికి మేడ్చల్ పోయాడని గేటు దగ్గరే తెలిసింది.

అత్త సమాధి మీద ఒక్క పోచ లేదు. మట్టి గీకి, తడిపి, అద్దంలా సాపు చేశారు. చుట్టూ ఇటుకలు పేర్చి సున్నం వేశారు. మధ్యలో సున్నంతోనే ఒక సిలువ గీశారు. గీత ఎక్కడా వంకర పోలేదు.

యువజనుల కార్యదర్శి రోనాల్డ్ పార భుజాన పెట్టుకుని వచ్చాడు. చొక్కా చెమటకు తడిసి ఉంది.

"అన్నా, సూడు! అత్తమ్మది మస్తుగ చేసినం. గడ్డి గట్టిగ పట్టిండె అన్నా, ఏర్లు సుత తవ్వి తీసినం. మళ్ళ మొలిస్తే నన్నడుగు."

"నువ్వే చేశావా?"

"నేనే. ఎవ్వర్ని ముట్టనియ్యలే. సండే స్కూల్ల బిస్కట్లు ఆమె ఇస్తుండె గద నాకు, ఎక్స్‌ట్రా ఒకటి. అందుకే పొద్దుగాల ఫస్ట్ గిదే పట్టిన. మా తాతది ఇంకా షురూ సుత చేయలే." నా ముఖం చూసి ఆగాడు. "ఏందన్నా, ఏమన్న తప్పైందా?"

"లేదు. బాగా చేశావు."

టీ ఇచ్చారు, తాగాను. తెచ్చిన నీళ్ళు ఎక్కడ పోయాలో తెలియలేదు. సున్నం కలపడానికి నీళ్ళు చాలలేదని ఎవరో అంటుంటే వాళ్ళ బకెట్లో పోశాను. వెళ్ళేముందు గోడ వారన పీకిన గడ్డి కుప్ప దగ్గరకు వెళ్ళి చూశాను. అందులో నేను చల్లింది ఏదో, దానంతట అది మొలిచింది ఏదో పోల్చుకోలేకపోయాను.

దారిలో నర్సరీ దగ్గర ఆగాను. "చలి మొదలైతాంది సార్. గిప్పుడు చల్లితే మట్టి పాలే," అన్నాడు కిషన్. "శివరాత్రి పోనియ్యండ్రి."

పండుగ రోజు అక్క కొవ్వొత్తులు, చామంతులు తెచ్చింది. సమాధి చూడగానే ఆమె ముఖం తేటపడింది.

"ఎంత నీటుగా ఉందో చూశావా? గడ్డి గిడ్డి అన్నావ్. రాలేదుగా?"

"వచ్చింది. పీకేశారు."

"ఎవరు?"

"రోనాల్డ్. శుభ్రం చేద్దామని. అత్త వాడికి బిస్కట్లిచ్చేదట."

అక్క ఒక్కసారిగా నవ్వింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కొంగు చాలాసేపటిదాకా తీయలేదు. నేను కొవ్వొత్తులు నిలబెట్టాను. గాలికి రెండు ఆరిపోతే మళ్ళీ వెలిగించాను.

"మాటంటే మాట," అంది చివరికి. "పచ్చగా లేదు. రాయి వాడికి రేపు చెబుతున్నా."

సంఘం కార్యదర్శి రిచర్డ్ అంకుల్ చంకలో రిజిస్టరుతో వరుసలో ఒక్కొక్కరి దగ్గర ఆగుతూ వస్తున్నారు. పండుగ రోజున కుటుంబాలన్నీ దొరుకుతాయని ఆ రోజే రాసుకుంటారు.

"కాంతమణమ్మగారిది కట్టిస్తున్నారా, కచ్చానా?"

అక్క నా వైపు చూసింది. ఆమె నోరు తెరిచేలోపు నేను చెప్పాను.

"కచ్చా."

"ఆలోచించుకో బాబూ. రేపు పేరు కూడా మిగలదక్కడ. నువ్వు చదువుకున్నవాడివి, నీకు నేను చెప్పాలా?"

"రాయండి అంకుల్."

రిజిస్టరు నా ముందు పెట్టారు. సంతకం పెట్టాను. ఆసుపత్రిలో పెట్టినట్టే పెట్టాను. అక్క అడ్డం పడుతుందనుకున్నాను, పడలేదు. అంకుల్ పక్క సమాధి దగ్గరకు వెళ్ళారు.

గేటు దాకా ఇద్దరం నడిచాం. ఆటో ఎక్కుతూ అక్క అంది: "మళ్ళీ ఎప్పుడు చల్లుతావ్?"

"శివరాత్రి వెళ్ళాక."

"ఈసారి బోర్డు పెట్టి చావు, డిగ్రీగాడా."

పెడతాను. గడ్డి వస్తే వస్తుంది. వచ్చినా రాకపోయినా ఆ చోటు పన్నెండేళ్ళ వరకే. దాని మీద ఏ అక్షరాలూ ఉండవు. రిజిస్టరులో ఒక అంకె ఉంటుంది, దాన్నీ కొట్టేసి పైన ఇంకో పేరు రాస్తారు. సంతకం నాది కాబట్టి ఈ నాలుగు మాటలు రాయడం కూడా నా పనే అనుకున్నాను. మీరు అటు వెళ్ళనక్కరలేదు, పువ్వులు పెట్టనక్కరలేదు. ఆమె పేరు దార్ల కాంతమణి. దయచేసి గుర్తుపెట్టుకోండి.